బాపుకు వేసిన కుర్చీ

ప్రిన్సిపల్ అన్న మాట నాకింకా గుర్తుంది. స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ ఫోన్ పైకెత్తి చూపిస్తూ, "ఈసారి మీకు శ్రమ లేదు మేడం. యాన్యువల్ డే పిలుపు ఫోన్‌లో ఏఐయే రాసేసింది. అర నిమిషం పట్టలే" అన్నారు.

బోధన్‌లోని ఈ డిగ్రీ కాలేజీకి తెలుగు చెప్పడానికి వచ్చిన నాటి నుంచి, వార్షికోత్సవానికి తల్లిదండ్రులను పిలిచే ఆ పేజీ నేనే రాస్తున్నాను. ఒక్కసారైనా ఎవరూ బాగుందనలేదు. అది వేరే సంగతి, అదీ మరచిపోలేదు. ఆ రోజు మిగతా అందరికీ గాజు గ్లాసుల్లో చాయ్ వచ్చి, నాకు మాత్రం కాగితం కప్పులో వచ్చింది. దాన్నీ మరచిపోలేదు.

సాయంత్రం నిజామాబాద్ వెళ్లే బస్సులో ఆ పిలుపు చదివాను. "మీ అమూల్యమైన సమయాన్ని కేటాయించి, మీ గౌరవప్రదమైన ఉనికితో కార్యక్రమాన్ని సుసంపన్నం చేయగలరు." ఎర్ర పెన్ను పెట్టడానికి చోటు దొరకలేదు. అదే నా బాధ. మా పిల్లల వ్యాసాలు కూడా కొంతకాలంగా ఇలాగే ఉంటున్నాయి. చెరుకు మీద రాయమంటే, చెరుకు తోటలో నడవడం నేర్చుకున్న పిల్లవాడు కూడా "మానవ జీవితంలో చెరుకు కీలక పాత్ర పోషిస్తుంది" అని మొదలుపెడతాడు. ఇలా ఎందుకు రాస్తావని ఆ యంత్రాన్నే ఒకసారి అడిగాను. "చాలా మంచి ప్రశ్న" అంది. నా ప్రశ్నకు మార్కులు వెయ్యమని నేను దాన్ని అడగలేదు.

ప్రిన్సిపల్ మీది కోపంతోనే మరునాడు సెకండియర్ క్లాసుకు ఒక పని ఇచ్చాను. "మీ ఇంట్లో ఒక్కరికి ఈ ఫంక్షన్‌కు పిలుపు రాయండి. చదివితే రాకుండా ఉండలేకపోవాలి."

అందరి చేతులూ ఫోన్ల మీదికి పోయాయి. కోటగిరి వైపు నుంచి వచ్చే అమ్మాయి మాత్రం లేచి నిలబడింది. ఆ ఏడు తను సొంతంగా రాసినది వేదిక మీద చదవబోతున్న పిల్ల.

"నేను నిన్ననే రాయించిన మేడం. బాపుకు సూపెట్టిన కూడా."

"ఏమన్నడు?"

"'ప్రియమైన నాన్నగారికి' అని ఉన్నది గదా, ఎవలే గీ నాన్నగారు, బ్యాంకోళ్లు పంపిన కాయితం లెక్కున్నది అన్నడు. దాని మీద చాయ్ గ్లాసు పెట్టుకున్నడు."

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు. "ఆయన రాడు మేడం" అంది. ఎందుకు రాడని అడిగితే డెస్కు మీద గోరుతో గీస్తూ చెప్పింది. కిందటేడు ఫంక్షన్‌కు ఆయన అందరికంటే ముందే వచ్చి, ముందు వరుసలో కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ముఖ్య అతిథి మనుషులు రాగానే ఆఫీసాయన ఒకరు వచ్చి, "లే పెద్దమనిషి, గివి గెస్టులవి" అని అందరూ చూస్తుండగా లేపాడు. ఆయన అన్నం తినకుండా వెళ్లిపోయాడు. అప్పటి నుంచి రోజూ బిడ్డను బండి మీద తెచ్చి గేటు దగ్గర దింపుతాడు. ఇంజన్ ఆపడు. కాలు కింద పెట్టడు.

చూడకముందే ఆ మనిషి నాకు నచ్చాడు.

"ఈ సంగతి ఫోనుకు చెప్పినవా?"

"ఎవ్వలికీ చెప్పలే మేడం. ఇప్పుడే."

నేను క్లాసు వైపు తిరిగి అడిగాను. "మీ ఇంట్లో పెండ్లికి చుట్టాలను ఎట్ల పిలుస్తరు?"

"బొట్టు పెడ్తం."

"పెట్టంగనే వస్తమంటరా?"

"యాడ మేడం!" అన్నాడు వెనక బెంచీ అబ్బాయి. "మా మేనత్త ముందుగాల పాత కథలన్నీ తీస్తది. 'మీ అన్న పెండ్లికి నన్ను బస్సుల ఇంజన్ మీద కూసవెట్టిండ్రు' అంటది. మా అమ్మ నోరు మూసుకొని ఇంటది. అనుడు అయిపోయినంక, 'సరే గనీ, ఎన్నడు లగ్గం?' అంటది."

వర్ని దగ్గర, ఆంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపు ఊరి అమ్మాయి అందుకుంది. "మా బాబాయి అయితే ఎందుకు అలిగారో కూడా చెప్పరండి. మనమే కనిపెట్టాలి. కనిపెట్టలేకపోతే దానికి ఇంకోసారి అలుగుతారు."

ఇక ఆగలేదు. ప్రతి ఇంట్లోనూ ఒక అలిగిన మనిషి ఉన్నారు. అంత గోల, అంత నవ్వు ఆ గదిలో నేనెప్పుడూ వినలేదు. పక్క క్లాసు లెక్చరర్ తలుపు దగ్గరికొచ్చి ముఖం చిట్లించి వెళ్లారు. గుర్తుపెట్టుకున్నాను.

"అదే రాయండి" అన్నాను. "మన దగ్గర పిలవడమంటే తేదీ చెప్పడం కాదు. ముందు వాళ్ల దెప్పుళ్లు వినాలి. వినకుండా చెప్పేది ఉత్త కబురే."

"గట్లయితే కుర్సీ సంగతి ఫోనుకు చెప్తే అది రాయదా మేడం?" అన్నాడు వెనక బెంచీ అబ్బాయి. న్యాయమైన ప్రశ్నే. చెప్పి చూశాం. "గత కార్యక్రమంలో మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని రాసింది.

"బ్యాంకోళ్లే! బ్యాంకోళ్లే!" అని క్లాసంతా అరిచింది.

ఇంకా వివరంగా చెబితే ఇంకా బాగా రాసేదేమో. అంత వివరంగా చెప్పగలిగితే ఉత్తరం అక్కడికే అయిపోయినట్టు. ఆ పిల్ల అప్పటికే కాగితం మీదికి వంగిపోయింది.

"బాపూ, గా రోజు నిన్ను కుర్సీల నుంచి లేపిండ్రు. నేను సూసిన. సూసి తల కిందికేసుకున్న. లేవకు బాపూ అనాలె, అనలే. ఈసారి నీ కుర్సీ నేనే ఏస్త. ఎవ్వలొచ్చినా లేపనియ్య. నేను సదువుతుంటే నువ్వు ముందట ఉండాలె."

నేను ఎర్ర పెన్నుకు మూత పెట్టేశాను.

మరునాడు పొద్దున ఆ పిల్ల స్టాఫ్‌రూమ్‌కు పరుగెత్తుకొచ్చింది. "మేడం, గేటు కాడ బాపు ఇంజన్ ఆపిండు!"

"ఏమన్నడు?"

"'ఏ వరుసల ఏస్తవే?' అన్నడు."

నేను మాత్రం ఫంక్షన్‌కు వెళ్లదలచుకోలేదు. నాకు వచ్చిన పిలుపు కాలేజీ వాట్సాప్ గ్రూపులో పడ్డ ఆ అర నిమిషం మెసేజ్ ఒక్కటే. పిల్లలకు ఎలా తెలిసిందో, ముందురోజు కుంకుమ భరిణె పట్టుకుని వచ్చారు. కాగితం కప్పు దాకా అన్నీ చెప్పాను. నోరు మూసుకుని విన్నారు. అయిపోయాక వెనక బెంచీ అబ్బాయి, "ఇంకేమన్న ఉన్నయా మేడం, ఇప్పుడే అనున్రి" అన్నాడు. ఉన్నాయి. బస్సు టైమైందని ఆపాను.

ఫంక్షన్ నాడు హాలు నిండిపోయింది. ఇంజన్ మీద కూర్చున్న మేనత్త కూడా వచ్చింది. ముందు వరుసలో ఒక కుర్చీకి ఆ పిల్ల తన పసుపుపచ్చ చున్నీ కట్టింది. బాపు వచ్చాడు, ఈసారీ ఇస్త్రీ చొక్కాలోనే. చున్నీ విప్పి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ముఖ్య అతిథి వెంట అనుకున్నదానికంటే ఎక్కువమంది దిగారు. ఆఫీసాయన వరుస మొదటి నుంచి చూసుకుంటూ వచ్చి ఆ కుర్చీ దగ్గర ఆగాడు. ఇంకా ఏమీ అనకముందే బాపు అన్నాడు. "నా బిడ్డ ఏసిన కుర్సీ ఇది. నేను లేవ."

మా సెకండియర్ మొత్తం చప్పట్లు కొట్టింది. ఎందుకో తెలియకుండానే హాలంతా కొట్టింది. ప్రిన్సిపల్ స్వయంగా తన గదిలోని కుర్చీ మోసుకొచ్చి అతిథి మనిషికి వేశారు. చూడటానికి చాలా బాగుంది.

ఆ పిల్ల చదువుతున్నంతసేపూ బాపు కదల్లేదు. చదవడం అయ్యాకా కదల్లేదు. ఆటలు, పాటలు, బహుమతులు, వందన సమర్పణ అన్నీ అయినా ఆయన కుర్చీ వదల్లేదు. చివరికి బగారన్నం, పప్పు వడ్డించిన పళ్లెం అక్కడికే పట్టుకుపోయి ఇచ్చింది బిడ్డ.

"వచ్చేసారి మీరే రాయండి మేడం" అన్నారు ప్రిన్సిపల్ నా పక్కకొచ్చి. చూద్దాం అన్నాను. బొట్టు పెట్టి అడగలేదు.

చెయ్యి కడుక్కుని వెళ్తూ బాపు నా ముందు ఆగాడు. బిడ్డ బాగా చదివిందంటాడేమో అనుకున్నాను.

"పప్పుల ఉప్పు తక్కువైంది మేడం" అన్నాడు. "వచ్చేయేడు గట్ల కానియ్యకున్రి."