నేను కాలు ముంచని గురువారం

పిట్టలవానిపాలెం దారిలో ఉన్న జంతు శరణాలయానికి పార్వో వ్యాధిని తెచ్చింది కాశమ్మ కాదు, నేను. ఈ మాట చెప్పాల్సిన రోజున చెప్పలేదు. నడుం నొప్పితో యాభై రెండో ఏట స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. పశువైద్యుడి ఉద్యోగం ఎలా ఉంటుందో రాయమని మిత్రులు అడిగితే, ముందుగా రాయాల్సింది ఇదేననిపించింది.

కరోనా సద్దుమణిగిన తర్వాతి వేసవిలో నన్ను బాపట్ల ప్రాంతానికి అసిస్టెంట్ సర్జన్‌గా బదిలీ చేశారు. ఈనలేక అవస్థపడే గేదె నుంచి కాలు విరిగిన కోడి దాకా మొదట చూసే డాక్టరు అన్నమాట. ఆ పనితోపాటు ప్రతి గురువారం శరణాలయానికి కూడా వెళ్లిరమ్మని పై అధికారి నోటిమాటగా చెప్పారు.

దాన్ని నడిపేది సలోమి టీచరు గారు. లూథరన్ బడిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన ఆవిడ. చూపు పోయిన ఎద్దు, లారీ తగిలి వెనక కాళ్లు చచ్చుబడిన కుక్క, ఎవరో వదిలేసిన రెండు గాడిదలు అక్కడ ఉండేవి. ఆదివారం చర్చి అయ్యాక ఏ కుటుంబమైనా వచ్చి కుక్కపిల్లను తీసుకెళ్తుంటే, టీచరు గారు గేటు దాకా వెళ్లి, పరీక్షకు పోయే పిల్లలకు చెప్పినట్టు జాగ్రత్తలు చెప్పేవారు. ఏ జంతువైనా చనిపోతే కొబ్బరిచెట్ల వెనక దగ్గరుండి పూడ్పించేవారు.

పనివాళ్లు మరికొందరున్నా, ఎక్కువ చాకిరీ కాశమ్మది. సముద్రం ఒడ్డు పల్లె నుంచి పొద్దున్నే వచ్చేది. రైల్వే గేటు దగ్గర గోనెసంచిలో దొరికిన తొమ్మిది కుక్కపిల్లలను సీసాపాలు పట్టి బతికించింది ఆమే. టీచరు గారు వాటికి రూతు, పేతురు అంటూ రిజిస్టరులో పేర్లు రాస్తే, కాశమ్మ మాత్రం వంజరం, చందువ, పండుగప్ప అని చేపల పేర్లతో పిలిచేది.

“తినేవాటి పేర్లు పెంచుకునేవాటికేంటి కాశమ్మా?” అని టీచరు గారు విసుక్కునేవారు.

“మీ పేర్లతో పిలవండమ్మా, ఒక్కటొస్తే చూద్దాం” అనేది ఆమె. ఒక్కటీ వచ్చేది కాదు.

ఆ పిల్లల గది గుమ్మంలో బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ల తొట్టి ఉండేది. పార్వో అనేది టీకాలు పూర్తికాని కుక్కపిల్లల పేగులను దెబ్బతీసే వైరస్. నేలమీద నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కు చావదు, బ్లీచింగ్‌కు చస్తుంది. అందుకని ఎవరైనా సరే తొట్టిలో కాళ్లు ముంచాకే లోపలికి వెళ్లాలి. ఆ నియమం పెట్టించింది నేనే.

ఆ గురువారం పొద్దున్నే తెనాలి అవతల కొలకలూరులో మా బంధువుల ఇంటికి వెళ్లాను. రక్తవిరేచనాలు అవుతున్న వాళ్ల కుక్కపిల్లకు పార్వో అని నిర్ధారించి, సెలైన్ పెట్టి బయల్దేరాను. కాళ్లకు కొత్త తోలు బూట్లు. బ్లీచింగ్ నీళ్లు పడితే తోలు మీద తెల్లమచ్చలు పడతాయి. శరణాలయంలో తొట్టిని ఒక్క అంగలో దాటేశాను.

“డాక్టరు గారూ, కాలు ముంచలేదండి” అంది కాశమ్మ.

“డాక్టర్నమ్మా నేను.”

“అయితే ఆ పురుగులు మీకు దండం పెట్టి పక్కకి తప్పుకుంటాయా ఏంటండి?”

నవ్వేసి పిల్లల బరువులు చూశాను.

ఆరో రోజున చందువ పాలు ముట్టలేదు. మర్నాటికి మరో నాలుగు వాంతులు మొదలుపెట్టాయి. నేను రోజూ వెళ్లి సెలైన్ ఎక్కించాను. అయినా వారం తిరిగేలోపు ఆరు చనిపోయాయి. పండుగప్ప కాశమ్మ ఒళ్లోనే పోయింది. అది పోయాక కూడా ఆమె చాలాసేపు దాని నోరు తడిగుడ్డతో తుడుస్తూనే ఉంది.

టీచరు గారు అందర్నీ పిలిచి, జబ్బు ఎలా వచ్చిందని నన్ను అడిగారు.

“వీధికుక్కల మధ్య తిరిగొచ్చేవాళ్ల కాళ్లతో వస్తుందండి” అన్నాను.

అందులో అబద్ధం లేదు. అందరూ కాశమ్మ చెప్పుల్లేని కాళ్లవైపు చూశారు. వాళ్ల పల్లెలో వలలు ఆరేసే చోటల్లా వీధికుక్కలే.

“నేను రోజూ ముంచే వచ్చానమ్మా” అని కాశమ్మ నావైపు చూసింది. నేను తల వంచుకుని, కేసు షీటులో వ్యాధి వచ్చిన దారి అన్న గడిలో ‘సిబ్బంది ద్వారా కావచ్చు’ అని రాశాను. మర్నాటి నుంచి రావద్దని టీచరు గారు ఆమెకు చెప్పేశారు.

రిటైరయ్యాక వాకబు చేస్తే, కాశమ్మ రేపల్లెలో చెల్లెలి ఇంట ఉంటూ చేపలు అమ్ముతోందని తెలిసింది. వెళ్లి ఆమె గంప ముందు నిలబడి, కొలకలూరు సంగతంతా చెప్పాను.

“కొలకలూరు సంగతి తెలియదు గానీ, మీరు తొట్టి దాటటం చూశాను గదండి” అంది.

“మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు?”

“అప్పటికింకా మూడు పిల్లలు ఊపిరితో ఉన్నాయి. మీకు కోపమొచ్చి రావటం మానేస్తే వాటికి సూది ఎవరేస్తారు?”

క్షమించమని అడగబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“ఇక్కడ నన్నెవరూ ఏమీ అనలేదండి. అన్నచోట చెప్పండి.”

ఆ వారంలోనే ఇద్దరం శరణాలయానికి వెళ్లాం. టీచరు గారు పనివాళ్లందర్నీ వసారాలోకి పిలిచారు. పాత కేసు షీటు తీయించి, నేను రాసిన మాట కొట్టేసి, పక్కన ‘వైద్యుడి ద్వారా’ అని రాసి సంతకం పెట్టాను. వ్యాధి వచ్చిన దారి వెతికే వైద్యుడు ముందుగా తన రాకపోకలే రాసుకోవాలి. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నేను ఆఖరున నేర్చుకున్న పాఠం ఇది. తర్వాత కాశమ్మ వైపు తిరిగి, అందరికీ వినపడేలా చెప్పాను.

“ఆ ఆరు పిల్లలు చనిపోయింది నావల్ల. తెలిసి కూడా నింద నీమీద పడనిచ్చాను. నన్ను క్షమించు కాశమ్మా.”