గున్నేశ్వరరావు గారి మైనం గిన్నె

రావులపాలెంలో గున్నేశ్వరరావు గారికి ఏ వస్తువైనా అమ్మదల్చుకున్నవాడు ముందు దాని లోపం చెప్పాలి. చెప్పలేకపోతే ఆయన కొనరు. "బాగుంటుందండి" అంటే ఆయనకు సరిపోదు. "దీంట్లో లోపమే లేదండి" అన్నారో, ఇక మారు మాట్లాడకుండా చెప్పులు వేసుకుని బయటికి వచ్చేస్తారు. బేరం కోసం ఇదో ఎత్తు అనుకుంటారు కొత్తవాళ్ళు. ఆయన జన్మలో బేరం ఆడి ఎరగరు. లోపం శ్రద్ధగా విని, తలూపి, అడిగినంతా ఇచ్చి, ఆ లోపంతో సహా వస్తువును ఇంటికి తెచ్చుకుంటారు.

ఈ సంగతి భార్య అన్నపూర్ణమ్మ గారికి పెళ్ళిచూపుల నాడే తెలిసింది. ఫలహారాలయ్యాయి, అమ్మాయిని చూపించారు, పెద్దలు వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నారు. పెళ్ళికొడుకు గొంతు సవరించుకుని, "అమ్మాయిలో లోపం ఏంటండి?" అని కాబోయే మామగారిని అడిగాడు. మామగారు మర్యాదస్తుడు, పైగా అబద్ధమాడడం చేతకాని మనిషి. కాసేపు ఆలోచించి, "కోపం కాస్త ఎక్కువండి" అన్నారు. "అయితే ముహూర్తం పెట్టించండి" అన్నాడు పెళ్ళికొడుకు. తలుపు వెనకనుంచి ఇదంతా విన్న అన్నపూర్ణమ్మ గారికి ఆ పూట వచ్చిన కోపం ముప్ఫై రెండేళ్ళయినా పూర్తిగా దిగలేదు.

ఆయనది బట్టల కొట్టు. కొనేటప్పుడు ఉన్న పద్ధతే అమ్మేటప్పుడూను. చీర పరిచి, "ఈ రంగు రెండో ఉతుకులో ఒక మెట్టు దిగుతుందమ్మా. అంచు గట్టిదే గానీ కుచ్చిళ్ళు మాట వినవు" అని తనే చెప్పేస్తారు. ఈ కొట్టు ఆర్నెల్లలో మూతపడుతుందని పక్క కొట్టువాళ్ళు పందాలు కాసుకున్నారు. అది ఇరవయ్యేళ్ళ కిందటి మాట. ఇప్పుడు ఆ పక్క కొట్టాయన కూడా ఇంట్లో పెళ్ళయితే చీరలకు ఇక్కడికే వస్తాడు.

ఇలాంటి మనిషికి కిందటి వేసవిలో సైకిలు చెయిన్ను వేడి మైనంలో ముంచాలన్న ఆలోచన పుట్టింది. చెయిన్‌కి నూనె వేస్తే దుమ్ము పట్టి నల్లటి జిడ్డవుతుంది. అదే నూనె అంతా కడిగేసి, కరిగిన మైనంలో ముంచి ఆరబెడితే, ఇసక అంటుకోదు, ముట్టుకుంటే చెయ్యి నల్లబడదు. ఇదంతా ఆయన ఫోన్లో ఒక విదేశీయుడి వీడియోలో చూశారు. ఆ దొర అంతా చూపించి, లోపాలు మాత్రం చెప్పలేదు. గున్నేశ్వరరావు గారు దాని కింద "సర్, వాట్ ఈజ్ ఫాల్ట్?" అని రాసి పదకొండు రోజులు జవాబు కోసం చూశారు, రాలేదు.

షుగరు వచ్చిందని డాక్టరు తొక్కమంటే కొన్న సైకిలొకటి వరండాలో ఉంది. దానికోసమే కాబోలు అనుకున్నారు అన్నపూర్ణమ్మ గారు. వారానికి రెండుసార్లు తొక్కే సైకిలుకి ఇంత వైభోగమేంటని అడిగారు కూడా. "చూద్దాం" అన్నారాయన. ఆయన "చూద్దాం" అంటే ఇంట్లో గిన్నెలన్నీ ఒకసారి లెక్క చూసుకోవడం మంచిదని ఆవిడకు తెలుసు.

మైనం దేంట్లో కరిగించాలన్నది అసలు సమస్య. గిన్నెను తిన్నగా గ్యాసు మంట మీద పెట్టకూడదు. మైనం మరీ వేడెక్కితే చెప్పాపెట్టకుండా అంటుకుంటుంది. ఆ లోపం ఎవరూ చెప్పకుండానే ఆయనకు తెలుసు. అందుకని ముందు అన్నపూర్ణమ్మ గారి పాల కుక్కరు మీద కన్నేశారు. దాని గోడల మధ్య నీళ్ళుంటాయి కాబట్టి మంట తగలదు, వేడి మితంగా ఎక్కుతుంది, పైగా ఈల వేస్తుంది. ఆవిడ గుడికి వెళ్ళిన పూట అందులో మైనం కరిగించి, చెయిన్ ముంచి, గిన్నె కడిగి యథాస్థానంలో పెట్టేశారు. కడగడం ఆయన లెక్కలో కడగడం.

మర్నాడు వియ్యపురాలు వచ్చింది. ఆవిడ కాఫీ తాగి, పెదాలు ఒకటి రెండుసార్లు కలిపి చూసుకుని, "మీ కాఫీ చాలా నున్నగా ఉంది వదినా" అంది. అన్నపూర్ణమ్మ గారు తన గ్లాసులోకి చూశారు. కాఫీ మీద కట్టింది మీగడ కాదు.

ఆ సాయంత్రం ఇంట్లో ఏం జరిగిందో చెప్పనక్కర్లేదు, మామగారు చెప్పిన లోపం గుర్తుంటే చాలు. మైనం, చెయిన్లు, ఫోను వీడియోలు అన్నీ కొట్టు వెనక గదిలోకి మారిపోయాయి. గున్నేశ్వరరావు గారు మాత్రం చిన్న నోటు పుస్తకంలో "పాల కుక్కరు: మూతి ఇరుకు. కాఫీకి పనికిరాదు" అని రాసుకున్నారు.

తర్వాత రైస్ కుక్కరు చూడడానికి వెళ్ళారు. కొట్లో మనిషి పాపం కొత్తవాడు, "లోపమే లేని మోడల్ సర్" అన్నాడు. చెప్పులు వేసుకుని వచ్చేశారు. మైనం కోసం చర్చిలకు కొవ్వొత్తులు పోసే ఆరోన్ దగ్గరికి వెళ్ళి, నీ కొవ్వొత్తుల్లో లోపం ఏంటని అడిగారు. ఆరోన్ ఆయనను చిన్నప్పటినుంచి ఎరిగినవాడు. "వెలిగిస్తే అయిపోతాయండి" అన్నాడు. ఐదు కిలోల మైనం దిమ్మ కొని రిక్షాలో వేయించుకొచ్చారు.

ఇక గిన్నె ఒక్కటే తేలలేదు. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం హైమ నడిపే బ్యూటీ పార్లరు అద్దం తలుపు వెనక ఒక వస్తువు ఆయన కంటపడింది. ఆడవాళ్ళ చేతుల మీద నూగు తీసే మైనం కరిగించే కరెంటు గిన్నె. మూత ఉంది, లోపలి గిన్నె బయటికొస్తుంది, వేడి తగ్గించి పెంచే మర ఉంది. ఆయన వీధిలో అటూ ఇటూ ఆరుసార్లు నడిచి, చివరికి "మగవారికి ప్రవేశం లేదు" అన్న బోర్డు కిందనుంచి తల లోపలికి పెట్టి, "అమ్మా హైమా, ఆ గిన్నెలో లోపం ఏంటమ్మా?" అని అడిగారు.

లోపల ముఖానికి పచ్చటి లేపనంతో పడుకుని ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు లేచి కూర్చున్నారు. హైమ మాత్రం తొణకలేదు. ఆ పిల్ల పెళ్ళిచీరలు ఆయన కొట్లోనే కొన్నారు.

"వేడెక్కడానికి ముప్పావుగంట పడుతుంది బాబాయిగారూ. మర మీద ఒకటి నుంచి అయిదు దాకా అంకెలుంటాయి గానీ, ఎంత వేడో దానికే తెలీదు."

గున్నేశ్వరరావు గారి మొహం వెలిగిపోయింది. అలాంటిదే ఒకటి తెప్పించి పెట్టమన్నారు. అది వచ్చేలోగా దాని లోపలి కొలత తీసుకోవడానికి ఒకసారి, మూత బిగువు చూడడానికి ఒకసారి, ఎంత వేడెక్కుతుందో ధర్మామీటరు పెట్టి చూడడానికి ఇంకోసారి పార్లరుకు వెళ్ళారు.

ఈ మూడు రాకపోకల్నీ ఎదురింటి మరిడమ్మ చూసింది. చూసి ఊరుకునే మనిషైతే ఆవిడ మరిడమ్మ ఎందుకవుతుంది. "మీవారు జుట్టుకి రంగేయించుకుంటున్నారా ఏంటండి?" అని అన్నపూర్ణమ్మ గారిని అడిగింది. ఆవిడ నవ్వేసి ఊరుకున్నారు గానీ, మనసులో ఒక ముల్లు పడింది. నమ్మకం లేక కాదు. ముప్ఫై రెండేళ్ళలో ఆయన తనకు చెప్పకుండా చేసిన పని ఒక్కటి లేదు. పాల కుక్కరు సంగతి మినహాయిస్తే.

రెండు రోజుల తర్వాత వరండా తుడుస్తుంటే ఆవిడ చీర ఆయన సైకిలుకి రాసుకుంది. చూసుకుంటే కుచ్చిళ్ళ మీద జానెడు నల్లటి చార. వంగి చెయిన్ను వేలితో ముట్టుకున్నారు. చిక్కటి పాత జిడ్డు. మైనమన్నది దాని దాపులకే రాలేదు.

నెల రోజులుగా గిన్నెలు, మైనాలు, పార్లర్లు తిరిగిన మనిషి తన సైకిలు ముట్టుకోకపోతే మరి ఎవరి చెయిన్ ఉడకబెడుతున్నట్టు? అన్నపూర్ణమ్మ గారు చీర కూడా మార్చుకోకుండా ఆ నల్ల చారతోనే కొట్టుకు బయల్దేరారు.

వెనక గది తలుపు తీసేసరికి మైనం వాసన ముందుగా వచ్చింది. గున్నేశ్వరరావు గారు చేతులకు వంటింటి గుడ్డలు చుట్టుకుని, చీరల హ్యాంగరు వంచి చేసిన కొక్కేనికి చెయిన్ తగిలించి, గిన్నెలో అటూ ఇటూ ఆడిస్తున్నారు. పక్కన ఒక ఆడవాళ్ళ సైకిలు తిరగేసి ఉంది. స్టూలు మీద ఆశా కార్యకర్త జ్ఞానమ్మ, పాదాలు బాగా వెనక్కి లాక్కుని కూర్చుని ఉంది. గోదావరి లంక ఊళ్ళల్లో గర్భిణులనీ బాలింతలనీ చూసి రావడం ఆవిడ పని. పదేళ్ళుగా ఏటిగట్టు మీద ఆ సైకిలే.

అన్నపూర్ణమ్మ గారిని చూసి ఇద్దరూ లేచారు. చెయిన్ గిన్నెలో పడిపోయింది.

"ఏంటండి ఇదంతా?" అని అడిగారు అన్నపూర్ణమ్మ గారు.

ఆయన చెప్పింది నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా వచ్చింది. జ్ఞానమ్మ ఏడాదిలో మూడోసారి చీరకు ఫాల్ గుడ్డ కొనడానికి వచ్చిందట. గుడ్డలో లోపం ఏంటమ్మా అని అడిగితే, గుడ్డ మంచిదేనండి, చెయిన్ జిడ్డు అంటుకుంటుంది, వదలదు అందట. చెయిన్‌కి కవరు వేయించుకోవచ్చు కదా అంటే, లంకల్లో ఇసకా బురదా దాంట్లో ఇరుక్కుని చక్రమే తిరగదని తనే పీకించేసిందట. ఆ మాట చెబుతున్నంతసేపూ మచ్చ కనపడకుండా కాళ్ళు స్టూలు కిందికి లాక్కుని కూర్చుందట. ఎక్కడికెళ్ళినా అలాగే కూర్చోవడం అలవాటైపోయిందట.

"బట్టలమ్ముకునేవాణ్ణి, అది చూసి ఊరుకోలేకపోయాను పూర్ణా" అన్నారు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"లోపాలు మొన్నటిదాకా తేలలేదు కదా, పాత చెయిన్లు ముంచి చూస్తున్నాను. ఆవిడ పొద్దున్నే బాలింతల దగ్గరికి వెళ్ళాలి. సగం తెలిసిన పని చేసి ఇస్తే, దారి మధ్యలో చెయిన్ బిగుసుకుంటే ఎవరు పడతారు? లోపాలన్నీ నా దగ్గర పెట్టుకుని, చెయిన్ ఒక్కటే ఆవిడకు ఇద్దామని."

అన్నపూర్ణమ్మ గారు కుక్కరు మీదా, వియ్యపురాలి ముందు పోయిన పరువు మీదా దాచుకున్న కోపం కోసం లోపల వెతుక్కున్నారు గానీ, సమయానికి దొరకలేదు. జ్ఞానమ్మ చీర మచ్చ కేసి చూసి, తన కుచ్చిళ్ళు ముందుకు లాగి తన మచ్చా చూపించారు. "నాదీ ఇవాళే అయింది. కూర్చో జ్ఞానమ్మా" అన్నారు. జ్ఞానమ్మ కూర్చుంది. ఈసారి కాళ్ళు ముందుకే చాపుకుంది.

గిన్నెలో పడ్డ చెయిన్ను పట్టకారుతో తీసింది అన్నపూర్ణమ్మ గారే. భర్త చెయిన్ తుడిచే పద్ధతి చూసి, ఇది కుక్కరు కడిగిన పద్ధతే అని ఆ గుడ్డ కూడా లాక్కున్నారు. చల్లారి గట్టిపడ్డ చెయిన్ను లింకు లింకూ వంచి వదులు చేశాక, గున్నేశ్వరరావు గారు తెల్లటి పాప్లిన్ ముక్క పెట్టి దాన్ని ఒకటికి రెండుసార్లు రుద్దారు. ముక్క తెల్లగానే ఉంది. అయినా జ్ఞానమ్మను ఊరికే పంపలేదు. "దీంట్లో లోపం ఉందమ్మా. వానలో తడిస్తే మైనం నిలవదు, చెయిన్ తుప్పు పడుతుంది. తడిసిన మర్నాడు మళ్ళీ తీసుకురావాలి" అన్నారు.

జూన్ దాటాక వానలు పట్టుకున్నాయి. జ్ఞానమ్మ వచ్చింది. ఆవిడ చీర చూసి ఇంకో ముగ్గురు ఆశా కార్యకర్తలు వచ్చారు. ఒకరి చెయిన్ పెట్రోలులో కడుగుతుంటే ఒకరిది ఎండలో ఆరేది, ఒకరిది గిన్నెలో మునిగేది. కరెంటు గిన్నె వేడెక్కే ముప్పావుగంట సేపూ అన్నపూర్ణమ్మ గారు అందరికీ ఉప్మా పెట్టేవారు. ఆ లోపం మంచిదేనని వాళ్ళ అభిప్రాయం.

ఒకరోజు జ్ఞానమ్మ కాస్త మొహమాటపడుతూ వచ్చింది. "షావుకారు గారూ, మీరు చెప్పని లోపం ఒకటి బయటపడిందండి" అంది.

గున్నేశ్వరరావు గారు లేచి నిలబడి నోటు పుస్తకం తీశారు. మొహంలో పండగ.

"చప్పుడు లేదండి దీనికి. ఇదివరకు చెయిన్ కిర్రుమంటే చాలు, లంకల్లో బాలింతలు పిల్లల్ని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చేసేవారు. ఇప్పుడు నేను వాకిట్లో నించున్నా ఎవరికీ తెలీదు. నిన్న ఏసమ్మ గారు నన్ను చూసి ఉలిక్కిపడి బియ్యం చేట వదిలేశారు. ఇద్దరం ఏరేసరికి పది దాటింది."

ఇది ఆ విదేశీయుడు కూడా చెప్పలేదని గున్నేశ్వరరావు గారు మురిసిపోయారు. చప్పుడు రావాలంటే ఏం చెయ్యాలి, ఎలాంటి గంటలున్నాయి, ఏ గంటలో ఏ లోపం ఉంటుంది అని ఆలోచిస్తూ పుస్తకంలో గీతలు గీయడం మొదలుపెట్టారు. అన్నపూర్ణమ్మ గారు కాసేపు చూసి, చెప్పులు వేసుకుని రోడ్డు దాటి సైకిలు షాపుకి వెళ్ళారు. షాపాయన ఒక గంట తీసి, అలవాటు కొద్దీ, "దీంట్లో లోపం ఏంటంటే అమ్మా" అని మొదలుపెట్టాడు.

"మోగుతుందా?" అన్నారావిడ.

మోగించి చూపించాడు. తెచ్చి హ్యాండిలుకు తనే బిగించారు. గున్నేశ్వరరావు గారు తల ఎత్తేసరికి జ్ఞానమ్మ సైకిలెక్కి వెళ్ళిపోతోంది. సందు చివర ఎవరూ అడ్డం లేకపోయినా రెండుసార్లు గంట మోగింది.

"చప్పుడు కాస్త ఎక్కువేమో" అన్నారాయన, పుస్తకం మీద పెన్ను పెట్టి.

"లంకల దాకా వినపడనివ్వండి" అని అన్నపూర్ణమ్మ గారు తర్వాతి చెయిన్ గిన్నెలోకి దించారు.