బూడిదలోంచి ముందే తీసిన ఛాంబర్

అతని అతుకు ఊడలేదు. పగలగొట్టింది నేను. పగలగొట్టి, అతనికి పని రాదని నలుగురిలో నోరు పెద్దది చేసి చెప్పినాను.

ఇన్నేండ్లకు ఈ మాట ఎందుకు రాస్తున్నానంటే, పోయిన నెల వెలిగండ్ల నుంచి వస్తుంటే నా పాత మోటారు సైకిలు ఒక రాయి ఎక్కి దిగింది. ఇంజను కింద నూనె నిలిచే అల్యూమినియం పెట్టె, మేము ఛాంబర్ అంటాం, అది బెత్తెడు పొడవున చీలింది. మార్కాపురంలో మూడు షెడ్లు తిరిగినాను, కురిచేడు పోయినాను. ఎక్కడ చూసినా ఒకటే పాట, తాతా, దాన్ని పాత సామాన్లకేసి కొత్త బండి తీసుకోమని. నాకు ఒళ్లు మండింది. విప్పి పారేసి కొత్తది బిగించేవాడిని మెకానిక్కు అంటారా? ఒకడు అతుకుతానని దాని మీద కడ్డీ కరిగించి ముద్దలు ముద్దలుగా పోసినాడు, ఇల్లు చేరకముందే నూనె కారింది. ఆఖరికి కురిచేడులో నా ఈడు మెకానిక్కు ఒకాయన, గిద్దలూరులో ఒకాయన ఉన్నాడనీ, కిటికీ గ్రిల్లులు చేసుకుంటుంటాడనీ, అల్యూమినియం అతకడంలో ఈ చుట్టుపక్కల అంతటివాడు లేడనీ, కానీ ఎందుకో దాన్ని ముట్టడనీ చెప్పినాడు. ఎందుకో ఆయనకు తెలియదు. నాకు తెలుసు.

నేను మార్కాపురంలో కంభం రోడ్డు మీద మోటారు సైకిళ్ల కొట్టు పెట్టిన కొత్తల్లో ఆ గిద్దలూరాయన అతుకుల షెడ్డు అప్పుడు నా కొట్టు పక్కనే ఉన్నింది. చుట్టరికం ఏమీ లేకపోయినా వరస కలిపి నన్ను బావా అనేవాడు, నేను బామ్మర్దీ అనేవాణ్ణి. ఆ పనిలో అతని చెయ్యి చూసి తీరాలి. అల్యూమినియం ఇనుములాగా ఎర్రబడి మనకు చెప్పదు, చూస్తుండగానే కుప్పగా జారిపోతుంది. అందుకని అతను ఒళ్లు రుద్దుకునే సబ్బుతో పెట్టె మీద ఒక గీత గీసి, ఆ గీత నల్లబడేదాకా మంట ఆడించి, అప్పుడు అతుకు కడ్డీ ముట్టించేవాడు. అతుకు పడినాక పెట్టెను వేడి బూడిదలో పూడ్చి, దానంతట అది చల్లారేదాకా ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. బాలింత ఉన్న గదికి కాపలా కాసినట్లు కాస్తున్నావే అని నేను ఎగతాళి చేస్తే, నీకు తెలవదులే బావా, ఇది బాలింత కంటే సున్నితం అనేవాడు.

నాకు తెలియదనడమే నాకు గిట్టేది కాదు. బడి మొహం మూడో తరగతి దాకే చూసినవాణ్ణి, పొట్లాల కాగితాలు చదివి అక్షరం నిలబెట్టుకున్నవాణ్ణి, ఎవరి దగ్గరా శిష్యరికం చేయకుండా పాత పుస్తకాలు ముందు పెట్టుకొని ఇంజను విప్పడం నేర్చుకున్నవాణ్ణి. అందుకే నాకు తెలియనిది ఉందంటే ఒప్పుకోబుద్ధి అయ్యేది కాదు.

ఒకనాడు ఒక పొగాకు వ్యాపారి బండి ఛాంబర్ అతను పొద్దున్నే అతికి, బూడిదలో పెట్టి, సాయంత్రం దాకా చెయ్యి పెట్టబాక అని నాకు చెప్పి, దొనకొండలో బంధువుల ఇంట్లో శుభకార్యముంటే పోయినాడు. మధ్యాహ్నానికి వ్యాపారి వచ్చి నా నెత్తిన కూచున్నాడు. ఏందయ్యా, అతికేది ఇంజనా, గుండెకాయా అన్నాడు. పక్కనున్నోళ్లు నవ్వినారు. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. కాల్చిన ఇనుమును నీళ్లలో ముంచితే గట్టిపడుతుందని నేను పుస్తకంలో చదివి ఉన్నాను. అది ఇనుము సంగతి, ఇది అల్యూమినియం అన్న ఆలోచన ఆ క్షణాన రాలేదు. పటకారుతో పెట్టెను బూడిదలోంచి లాగి, పంచరు చూసే నీళ్ల తొట్టిలో ముంచినాను. టిక్‌మని ఒక చిన్న చప్పుడైంది, పెట్టె పగిలింది. అంతే. ఆ చప్పుడు ఈ రోజుకీ నా చెవిలో ఉంది.

వ్యాపారి ఎగిరిపడినాడు. నేను తప్పు ఒప్పుకోవలసిన సమయం అదే. నా నోటి వెంట వచ్చింది మాత్రం, అతని అతుకులు ఇంతేనండీ, నేను ఎన్నిసార్లు చెప్పినా వినడు అన్న మాట. సాయంత్రం అతను వచ్చి పెట్టెను చేతిలోకి తీసుకొని, పగులు వెంబడి బొటనవేలు నడిపించి, నా మొహం వంక ఒకసారి చూసి, బల్ల మీద పెట్టి పోయినాడు. ఒక్క మాట అనలేదు. అనకపోవడమే తప్పు ఒప్పుకోవడమని నేనే నలుగురికీ చెప్పినాను, ఎంత సిగ్గులేనితనమో చూడండి. మెకానిక్కులు ఒక్కొక్కరే పని తేవడం మానుకున్నారు. ఏడాది తిరక్కుండానే షెడ్డు ఎత్తేసి గిద్దలూరు పోయినాడు. నా కొట్టు బాగా సాగింది.

ఛాంబర్ గోతాంలో చుట్టుకొని మొన్న అతని గుమ్మంలో నిలబడినాను. జుట్టు పండింది గాని చూపు అదే. ఏం బావా, దారి ఇప్పటికి కనపడిందా అన్నాడు. చెల్లెలు, అంటే అతని భార్య, మంచినీళ్లు తెచ్చిచ్చింది. అతను ఛాంబర్‌ను చాలాసేపు తిప్పి తిప్పి చూసి, ముందు పోసినవాడిని ఒక బూతు తిట్టి, లోపలికి పోయి అల్యూమినియం అతికేటప్పుడు చల్లే పొడి, తుప్పు పట్టిన డబ్బాలో ఉన్నది, తెచ్చినాడు. సబ్బు గీత గీసినాడు. మంట ముట్టించి, గీత నల్లబడేదాకా ఆడించినాడు. అతుకు కుట్టుపనిలాగా పడింది. బూడిదలో పూడ్చినాడు.

ఇప్పటివాళ్లకు ఓపిక లేదని నేను షెడ్డు షెడ్డుకూ తిట్టుకుంటూ తిరిగినాను గాని, ఆ బూడిద కుప్ప ముందు బల్ల మీద కూచున్నప్పుడు తెలిసింది, మా ఊళ్లో ఆ ఓపికను మొదట చంపింది నేనే. అతని చెయ్యి చూసి నలుగురు నేర్చుకొని ఉంటే, నేను ఈనాడు ఒక్కడి కోసం మూడు ఊళ్లు తిరిగేవాణ్ణా? అప్పుడు చెప్పినాను. బూడిదలోంచి ముందే తీసింది, తొట్టిలో ముంచింది, అబద్ధమాడింది, అన్నీ. చెల్లెలు గడప దగ్గరే ఆగిపోయింది. అతను గ్యాసు బిగించి, కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకుంటూ అన్నాడు:

"పగులు నా అతుకు మీద లేదు బావా, వేలెడు పక్కన ఉన్నింది. నాకు ఆనాడే తెలుసు. నువ్వే వచ్చి చెప్తావని శానా దినాలు చూసినా, ఆనక చూసేది మానుకున్నా. సరేలే, ఈతూరన్నా అది చల్లారేదాకా ఆ బల్ల మీదనే కూచో. చెయ్యి మాత్రం పెట్టబాక."