నిండు సిలిండరు

అన్న పోయిన సంగతి నాకు మొదట చెప్పింది అతని జతగాడే. సంగం బ్యారేజీ దగ్గర ఇద్దరూ కలిసి నీళ్లలోకి దిగి గేట్ల పని చేసేవారు. ఫోన్ చేయకుండా ఆత్మకూరులోని మా ఇంటికి తనే వచ్చాడు. ఆ రోజు ఆయుధపూజ. అతని వేళ్లకు ఇంకా గంధం ఉంది.

"అన్న లేడు చెల్లెమ్మా. నేనే చేసినాను," అంటూ గడప బయటే కూలబడ్డాడు.

మాది ఉదయగిరి దగ్గర మెట్ట పల్లె. తాగే నీళ్లకే కరువైన చోట పుట్టి నీళ్లలో పని నేర్చాడని ఊళ్లో అన్నను చూసి నవ్వేవారు. నేను బడికి పోలేదు. అక్షరాలు ఇంట్లో అన్నే దిద్దించాడు. ఈ నాలుగు మాటలూ ఆయన చలవే. తన పని గురించి చెప్పింది కూడా మా వంటింట్లోనే, కుక్కర్ ముందు.

"ఆవిరి పోకముందే మూతతో కుస్తీ ఏందిమే? నీళ్లలో ఊపిరికి వీపున కట్టుకునే మా గాలి సిలిండరూ ఇంతే. దాని తలకు బిగించే రెగ్యులేటరుకు మరలున్న చిన్న ప్లగ్గులు ఉంటాయి. అవి ఊడదీయాలంటే ముందు వాల్వు కట్టేయాల. మీట నొక్కి లోపలి గాలంతా వదలాల. గాలి ఎంతుందో చూపే ముల్లు సున్నాకొచ్చినా నమ్మకూడదు, చప్పుడు ఆగిందా అని చెవితో వినాల. మొగం పక్కకు పెట్టి అప్పుడు పానా వేయాల. ప్లగ్గు మొండికేసిందా, లోపల గాలి ఉన్నట్టే. నీ మాదిరి."

"వదిన మాదిరి అని ఆమె ముందర అను చూద్దాం," అన్నాను. నవ్వాడు.

ఇంత తెలిసిన మనిషి. పూజకు ముందురోజు సాయంత్రం సిలిండరు తనే ఖాళీ చేసి వెళ్లాడు, పూజ కాగానే ఒక ప్లగ్గుకు వాషరు మార్చాలని. మా వైపు దేవుడి ముందు ఏ పాత్రనూ ఖాళీగా పెట్టరు. గింజలో, నీళ్లో వేస్తారు. తెల్లారి సామాను సర్దుతూ జతగాడు సిలిండరు ఖాళీగా ఉండటం చూసి గాలి నింపాడు. రెగ్యులేటరు మళ్లీ బిగించి, పూజలో ఊపిరితో ఉండాలని వాల్వు తెరిచి ఉంచాడు. ముల్లున్న అద్దం నిండా గంధం పూశాడు. ఇదంతా చెప్పవలసిన సంగతని అతనికి తోచలేదు.

హారతి అయ్యాక అన్న పానా అందుకున్నాడు. "ఇదేందిరా, ఇట్టా పట్టేసినాది," అన్నాడట. తన చేత్తో ఖాళీ చేసిందే కదా అనుకున్నాడు. బలంగా తిప్పేసరికి బొటనవేలంత ప్లగ్గు ఊడి ఎగిరి కణతకు తగిలింది. ఆత్మకూరు ఆసుపత్రికి చేరేలోపే, జతగాడి ఒళ్లోనే పోయాడు.

"దేవుడికనే గదా నింపినావు. లెయ్యి అన్నా," అన్నాను గడప దగ్గర జతగాడితో. అన్న పరాయి చేతుల్లో పోలేదు. అందుకు మాత్రం స్వామికి దండం పెట్టుకున్నాను.

జతగాడు మళ్లీ నీళ్లలో దిగలేదు. సీతారామపురం వైపు గొర్రెలు మేపుకుంటున్నాడు. ఇంట్లో ఏ చెంబూ, ఏ గిన్నే నిండుగా ఉంచనీయడట, అన్నీ బోర్లించి పెడతాడట. అన్నను తలుచుకోవడానికి మేమున్నాం. మీరు దీపం పెట్టేటప్పుడు అతన్ని ఒక్కసారి తలుచుకోండి.