రోమన్ దళంలో జొన్నచేని వడిసెల

ఆ శనివారం ఝాన్సీలక్ష్మికి అలారం మోగకముందే మెలకువ వచ్చేసింది. రాదా మరి! 2022లో కెనడాలోని ఒషావా ఊరి నిండా చదువుకొచ్చిన మన పిల్లలే, ఒక్కో బేస్‌మెంట్‌లో అరడజను మంది. కాలేజీ, ఎటోబికో వేర్‌హౌస్‌లో డబ్బాలు మోయడం తప్ప వేరే లోకం తెలియని ఆ పిల్లకి రోమన్ సైన్యం నుంచి పిలుపొచ్చింది.

సైన్యమంటే ఆటసైన్యమే. కిచెనర్‌లో ఐటీ ఉద్యోగం చేసే రామమోహనరావు గారికి రోమ్ చరిత్రంటే పిచ్చి. ఆయనా, కొందరు కెనడా మిత్రులూ కవచాలు తొడుక్కుని ఏటా వేసవిలో పార్కులో యుద్ధం ఆడి చూపిస్తారు. అప్పట్లో రోమ్ పౌరులు అసలు సేనలో ఉండేవారు. పౌరసత్వం లేని పరదేశులు సహాయక దళాల్లో చేరేవారు. విలుకాళ్ళు, వడిసెల విసిరేవాళ్ళు వాళ్ళలోనే ఉండేవారు. ఈ ఏడు ఆటకి వడిసెల విసిరే మనిషి ఒక్కరు కావాలి.

ఝాన్సీ ఎగిరి గంతేసింది. కోవెలకుంట్ల దగ్గర జొన్నచేలో మంచెక్కి వడిసెలతో రాళ్ళు విసిరి పిట్టలు తోలిన చెయ్యి ఆమెది. తాడు కొని వడిసెల తనే అల్లుకుంది. ఈ చోటు దొరక్కపోతే శనివారాలు మళ్ళీ డబ్బాల పాలే.

పార్కులో ఎంపిక కోసం సైనికులు డాళ్ళు పట్టుకుని వరసగా నిలబడ్డారు. "ఆ మధ్య డాలుని కొట్టమ్మా," అన్నారు రామమోహనరావు గారు.

టెన్నిస్ బంతి పెట్టి, గిరగిరా తిప్పి వదిలింది. వడిసెల ఛెళ్ళుమని మోగింది. బంతి తలల మీదుగా పోయింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. పాపం, ఆమె ముఖం కందగడ్డైంది.

"సారీ అంకుల్, చేతికి అలవాటైపోయింది. పిట్టని కొడితే మా అవ్వ ఊరుకోదు. నెత్తిమీదుగా పోనిచ్చి లేపాలంతే."

ఆయన వరసవైపు చూశారు. ఆరడుగుల వీరులంతా డాళ్ళు వదిలేసి గడ్డిమీద చతికిలబడి ఉన్నారు.

"ఇందాక ఒకబ్బాయి గురి చూసి మరీ మావాడి ముక్కు వాయగొట్టాడు," అని ఆయన పగలబడి నవ్వారు. "మాకు కావాల్సింది ఇదేనమ్మా! ఎవరికీ తగలకూడదు, అందరూ హడలిపోవాలి. నీ స్టడీ పర్మిట్ ఎప్పటిదాకా?"

ఈ ప్రశ్న అడిగినవాళ్ళు తర్వాత 'అయితే కుదరదులే' అంటారని ఆమెకి బాగా తెలుసు.

"వచ్చే ఏడు ఆగస్టు దాకా, అంకుల్."

"అయితే రెండు వేసవులూ నువ్వే. రా, దుస్తుల కొలత చూద్దాం."