సెత్తీమియో వేసుకెళ్ళిన అంగీ

ఆ పొద్దున ఎర్సీలియా మందులషాపాయన అక్కగారికి సమాధి అంగీ కొలతలు చూసింది. మనిషి బతికే ఉంది. భుజాల దగ్గర బిగుతుగా ఉందని రెండుసార్లు విప్పించింది కూడా. మా ఊళ్ళో సెయింట్ ఫ్రాన్సిస్ పేరిట నడిచే సన్యాసుల సభలో చేరిన సంసారులు పోతే, సన్యాసుల్లాగే గోధుమరంగు అంగీ తొడిగి పూడుస్తారు. దానికి జేబు ఉండదు. వాటిని కుట్టేది ఎర్సీలియాయే.

"జేబు లేకపోతే చేతిరుమాలు ఎక్కడ పెట్టుకోనే?" అంది అక్కగారు.

"అక్కడ జలుబు చెయ్యదులెండి."

ఊరందరికీ కుట్టిన మనిషి సొంత మొగుడు సెత్తీమియోకి కుట్టలేదు. కుట్టి పెడితే చావుని పిలిచినట్టవుతుందని భయం. కిందటి నవంబరులో సెత్తీమియో ఆలివ్ కాయలు దులుపుతూ నిచ్చెన మీంచి పడ్డాడు. సాయంత్రానికి పోయాడు. ఇంట్లో ఉన్న అంగీ ఒక్కటే. కొండ మీద మఠంలో ఉండే ఫాదర్ గౌదెంజో మోచేతి చిరుగుకి అతుకు వేయమని పంపినది. అదే తొడిగింది.

అంత్యక్రియలు జరిపింది గౌదెంజోయే. శవపేటికలో తన అంగీ చూశాడు. చూసి కూడా మూత వేయించాడు. చలికాలమంతా పలచటి పాతదానితో నెట్టుకొచ్చాడు.

క్రిస్మస్ వెళ్ళాక సెత్తీమియో రావడం మొదలుపెట్టాడు. భోజనాలయ్యి ఊరంతా కునుకు తీసే వేళ, గుమ్మంలో ఉత్త చొక్కాతో నిలబడేవాడు. చేతి మీద మడతపెట్టిన అంగీ. లోపలికి రాడు, మాట్లాడడు. బతికున్నప్పుడూ అంతే. ఎరువు తెచ్చిన గొడ్డలి తిరిగివ్వకుండా ఇంట్లో ఉంటే ఆ మనిషికి తిండి సయించేది కాదు.

ఆ పొద్దున అక్కగారి కొలతలు కాగానే ఎర్సీలియా మఠానికి వెళ్ళింది.

"ఫాదర్, మీ అంగీ దొంగిలించాను."

"నాది కాదు కదమ్మా. నా దగ్గర ఏం దొంగిలిస్తావు?"

"పోనీ, ఆయనకి ఇచ్చేశానని ఒక్క మాట అనండి."

"నాది కానిది ఎలా ఇవ్వను?"

గౌదెంజో ఆటపట్టించడం లేదు. కుర్రసన్యాసులకు దైవశాస్త్రం చెబుతూ ముసలివాడైన మనిషి. సన్యాసి తినే రొట్టె అతని సొంతమా, లేక వాడుకోడానికి మాత్రమేనా అని ఏడువందల ఏళ్ళ కిందట ఈ ఫ్రాన్సిస్ సభ వాళ్ళు మతపెద్ద పోప్‌తోనే తగువుపడ్డారు. క్రీస్తుకి సొంతమంటూ ఏదీ లేదని పట్టుబట్టారు. ఆ మాట మీదే కొందర్ని మంటల్లో కాల్చేశారు కూడా. తగువు చల్లారింది గానీ, ఆ మఠంలో ఈనాటికీ చెంచాని కూడా 'నాది' అనరు.

"మరి ఎవరిదండీ?"

"మఠంలోవన్నీ పోప్‌గారివి. ఇక్కడ ఆయన తరఫున చూసేది మందులషాపాయన."

మందులషాపాయన పొట్లం కడుతూనే తేల్చేశాడు. "ఉంచుకోమనవే మీ ఆయన్ని! చచ్చినవాడి ఒంటి మీంచి ఎవడు లాక్కుంటాడు?"

ఆ మధ్యాహ్నమూ సెత్తీమియో వచ్చాడు.

ఆమె మళ్ళీ కొండెక్కింది. "ఆయన ఒప్పుకోలేదు ఫాదర్."

"ఎవరు, మందులషాపాయనా?"

"మా ఆయన. మీ నోటితోనే వినాలి కాబోలు."

మర్నాడు భోజనాలవేళ దాటాక గౌదెంజో ఆమె ఇంటికొచ్చి కుర్చీలో కూచున్నాడు. గుమ్మంలో అతనికి ఎండ తప్ప ఏమీ కనబడలేదు.

"ఎక్కడున్నాడు?"

"మీ ఎదురుగానే. మీ మోచేతికేసి చూస్తున్నాడు."

గౌదెంజో కుర్చీ గుమ్మంవైపు జరుపుకున్నాడు. ఎండతోనే అన్నాడు. "సెత్తీమియో, ఇవ్వడానికి నా దగ్గరేమీ లేదయ్యా. వాడుకునే వంతు ఒకటుండేది. అది వదిలేశాను."

ఎర్సీలియా చూస్తూనే ఉంది. సెత్తీమియో మడత విప్పాడు. అంగీ తలమీంచి వేసుకున్నాడు. గుడ్డ మొహాన్ని కప్పింది. ఆ మొహం మళ్ళీ బయటికి రాలేదు.

మర్నాడు అతను రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఈస్టరు ముందు ఆమె ఆయాసపడుతూ మఠం మెట్లెక్కింది.

"ఆ మాట వెనక్కి తీసుకోండి ఫాదర్."

"అదేంటమ్మా! నీ కోరికేగా?"

"రావట్లేదండీ."

"వదిలేసినదాన్ని మళ్ళీ అడిగే హక్కు నాకు లేదు, తల్లీ."

ఆ వారం మఠం నుంచి అతుకులకు ఐదు అంగీలు వచ్చాయి. నాలుగే తిరిగి వెళ్ళాయి. ఐదోది ఆమె గుమ్మం పక్కన కొక్కేనికి వేలాడుతోంది. ఊరంతా కునుకు తీసే వేళ ఆమె దాని కింద కుర్చీ వేసుకుని కూచుంటోంది. మఠంలో ఎవరూ నాదని అడగలేదు.