దంతెవాడ నడక, ఆస్ట్రేలియా నడక

పదేళ్ళు వచ్చేసరికి నాకు రెండు నడకలు నేర్పారు. రెండూ నావి కావు.

పుట్టుకతోనే నా కుడికాలు మాట వినదు. కుడిచెయ్యి దానికి వంత పాడుతుంది. మెదడు నుంచి వెళ్ళే కబురు దారిలో ఎక్కడో ఆగిపోతోందని డాక్టర్లు అన్నారు. కాదు, నా మొండితనమని అమ్మ తేల్చేసింది. అప్పట్లో నాన్న కిరండూల్ ఇనుప గనిలో ఫిట్టరు. అమ్మా, నాన్నా, నేనూ, తమ్ముడూ కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్ళం.

మొదటిది దంతెవాడ నడక. వికలాంగుల సర్టిఫికెట్ కోసం మా జిల్లా కేంద్రం దంతెవాడలో శిబిరానికి బయల్దేరినప్పుడల్లా పక్క క్వార్టర్ అత్తయ్య గేటు దాకా వచ్చేది. ఆవిడది భద్రాచలం వైపు. "మంచిగ నడిస్తే పర్సెంటు తగ్గిస్తరు వదినా, పిల్లకు చెప్పి పెట్టు" అని అమ్మ చెవిలో ఊదేది. అందుకని తెల్లకోటు కనబడగానే నేను మోకాళ్ళు వదిలేసి నాన్న మీద వాలిపోవాలి. "చలో బేటీ, చల్‌కే దిఖావ్" అంటూ నడిచి చూపమని డాక్టరుగారు బతిమాలితే నేలచూపులు చూడాలి. అబ్బో, ఎంత బాగా చేసేదాన్నో! ఓసారి వరసలో ఉన్న ముసలమ్మ ఒకామె నన్ను చూసి ఏడ్చేసింది. బయటికొచ్చాక నాన్న బస్టాండులో బూందీ పొట్లం కొనేవాడు. అది లాక్కుని అందరికంటే ముందు జీపెక్కేసేదాన్ని.

ఇంతలో నాన్నకి ఆస్ట్రేలియాలో ఇనుప గనిలోనే ఉద్యోగం వచ్చింది. వీసా కావాలంటే ఇంటిల్లిపాదీ హైదరాబాదులో వైద్యపరీక్షకి వెళ్ళాలి. ఒకరు తప్పితే అందరూ తప్పినట్టే. ఆ ఒకరు ఎవరో ఎవరూ పైకి అనలేదు. నా కాళ్ళకేసి చూశారంతే.

అలా రెండో నడక మొదలైంది. మా వాకిట్లో ఎంత ఊడ్చినా గని ఎర్రదుమ్ము పేరుకునేది. నేను నడిస్తే కుడి బొటనవేలు ఆ దుమ్ములో పొడుగ్గా గీత గీస్తుంది. అమ్మ కావాలనే ఊడ్చడం మానేసి, చీపురు చంకలో పెట్టుకుని, నా వెనకే వంగి వంగి వచ్చేది.

"గీత పడిందేటే! మళ్ళీ నడు."

"అది కాలు కదమ్మా, పెన్సిల్ కాదు."

"నీ నోరు నడిచినట్టు కాలు నడిస్తే ఈపాటికి సిడ్నీలో ఉందుం. నడు!"

పాదం ఎత్తి, మడమ ఆనించి, చేతులు పక్కన పెట్టుకుని, పైగా నవ్వుతూ! ఒళ్ళు హూనమైపోయేది.

ఓ సాయంత్రం ఆ అత్తయ్య మా వసారాలో టీ తాగుతూ నాన్నతో అంది. "ఏందన్నా, ఒక్క పిల్ల కోసం బంగారమసొంటి కొలువు ఇడిసిపెడతరా? దాన్ని మా చెల్లె కాడ ఉంచి మీరు పోండ్రి. ఎనక పిలిపిచ్చుకోవచ్చు."

"నీ గేదెనైనా మా దగ్గర వదిలేసి వెళ్తావేటమ్మా?" అని అమ్మ విరుచుకుపడింది. నాన్న మాత్రం ఏమీ అనలేదు. గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. లోపలి గదిలోంచి విన్న నాకు అత్తయ్య మాట కన్నా ఆయన మౌనానికే భయం వేసింది. మర్నాడు అమ్మ పిలవకముందే వాకిట్లోకి దిగి నడిచాను. వేలు చిట్లింది. అయినా నడిచాను.

తీరా హైదరాబాదులో గది తలుపు తెరుచుకుని తెల్లకోటు కనబడేసరికి, అలవాటు అలవాటే కదా, మోకాళ్ళు వాటంతటవే వదిలేశాయి. నాన్న మీద వాలిపోయాను. అమ్మ నా నడుం మీద గిల్లింది చూడండి, చచ్చీ చెడీ లేచి, నవ్వు పులుముకుని, సిపాయిలా గది ఈ చివర నుంచి ఆ చివరకి నడిచేశాను.

డాక్టరుగారు తెల్లబోయారు. "ఇప్పుడేగా కూలబడ్డావ్?"

"అది దంతెవాడ నడక సార్. ఇది ఆస్ట్రేలియా నడక. మీకేది కావాలి?"

అమ్మకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. డాక్టరుగారు మాత్రం పగలబడి నవ్వారు. "ఇంట్లో బాత్రూముకి అర్జంటయితే ఎట్ల ఉరుకుతవ్ బిడ్డా? అది చూపెట్టు."

ఆ నడక చూపించమని అంతకుముందు నన్నెవరూ అడగలేదు. ఎడమచేత్తో గోడ పట్టుకుని, ఒళ్ళంతా ఊపుతూ, కుడివేలు ఈడ్చుకుంటూ రివ్వున వెళ్ళి, అమ్మ కుర్చీలోంచి లేచేలోపే వెనక్కి వచ్చేశాను. అది నా నడక. అన్నిటికన్నా అదే జోరు. అయితే వచ్చి నిలబడ్డాకే చేసిన పని తెలిసొచ్చింది. కొంప ముంచేశాను, ఇక నన్ను వదిలేసి వెళ్తారు అనుకున్నాను.

"చూసింది రాస్త. వీసా ఇచ్చేది, ఇయ్యనిది అక్కడోళ్ళ ఇష్టం" అన్నారు డాక్టరుగారు.

నాన్న చేతులు కట్టుకుని లేచాడు. "రాయండి సార్. ఇస్తే నలుగురికీ ఇమ్మనండి. లేదంటే కిరండూల్ బస్సు సాయంత్రం ఉంది, నలుగురం ఎల్లిపోతాం."

నేను బోరుమన్నాను. ఏం నొప్పి చేసిందోనని డాక్టరుగారు కంగారుపడి నా కాలు మళ్ళీ మొదటినుంచి చూశారు.

నెలల తరబడి నానబెట్టి వీసాలు ఇచ్చారు, నాలుగూ. తీరా వచ్చి చూస్తే ఇక్కడా గని ఊరే, వాకిట్లో అదే ఎర్రదుమ్ము! అమ్మ ఇప్పటికీ చీపురు పట్టుకుని తిట్టుకుంటూ ఊడుస్తుంది. నేను కాలేజీ నుంచి వచ్చి ఏ పక్క గదిలో దూరినా ఆవిడకి వెతకక్కర్లేదు. దుమ్ములో గీత చూసి, "పిల్లొచ్చిందండీ, కాఫీ పెట్టండి" అని నాన్నకి కేకేస్తుంది.